షాఫ్ట్స్‌బరీ దొర: యంత్రములకు పిట్టగోడ

క్రొత్త యిల్లు కట్టించువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెననియు, ఎవడైనను దానిమీదనుండి పడినయెడల రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చుననియు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము బోధించుచున్నది. పడినవాని అజాగ్రత్తను గూర్చి అక్కడ మాటయే లేదు. యంత్రశాలలకు ఇట్టి పిట్టగోడ కట్టించుటకు పాటుపడినవారిలో ముఖ్యుడు ఇంగ్లాండు దేశపు షాఫ్ట్స్‌బరీ దొర.

ఆయన 1801 ఏప్రిలు 28న లండనులో జన్మించెను. తలిదండ్రుల ఆదరణ ఎరుగని ఆ బాలునికి ప్రార్థన నేర్పినది ఇంటి పరిచారకురాలు మరియా మిల్లిస్. ఆమె విడిచిపోయిన గడియారమునే ఆయన కడవరకు ధరించెను.

పార్లమెంటు సభ్యుడై, ఆష్లీ అను పేరుతోనున్న ఆయన 1833లో మిల్లు పిల్లల పక్షము వహించెను. ఆ కాలపు నూలు మిల్లులలో వడకు యంత్రపు బండి ముందుకు వచ్చుచు వెనుకకు పోవుచుండెడిది. దారముల క్రింద రాలిన దూదిని ఊడ్చుటకు చిన్నపిల్లలు లోనికి ప్రాకి, బండి మరలివచ్చులోగా బయటపడవలెను. ఆలస్యమైనచో వ్రేళ్లు నలిగెడివి, కొందరికి ప్రాణమే పోయెడిది. యంత్రమును ఆపి ఊడ్పింపరాదా? ఆపినంతసేపు నూలు రాదు. వడకువానికి కూలి నూలును బట్టియే గనుక వాడును ఆపడు, యజమానుడును ఆపుమనడు. దెబ్బ తగిలినప్పుడు మాత్రము తప్పు బిడ్డదనిరి! తెల్లవారినది మొదలు నిలిచి పనిచేసిన పసివానికి సాయంకాలమున ఎంత జాగ్రత్త మిగులును?

స్టాక్‌పోర్టు పట్టణపు మిల్లులో ఒక పిల్ల బట్టలు కంచెలేని తిరుగు ఇరుసునకు చుట్టుకొని ఆమె అవయవములు విరిగెను. ఆష్లీ ఆమె పక్షమున వ్యాజ్యమును పూనుకొనగా 1840లో 100 పౌండ్ల పరిహారము దొరకెను. యజమానులు ఉలికిపడిరి.

1844 చట్టము వచ్చెను. దీనికి మిల్లుల తనిఖీ అధికారులును మిక్కిలి పాటుపడిరి. ఇరుసులకు కంచె వేయవలెను. తిరుగుచున్న ఇరుసులను చక్రములను పిల్లలచేత తుడిపింపరాదు. నడుచుచున్న బండికిని నిలిచిన భాగమునకును నడుమ వారిని పని చేయింపరాదు. ఎదిగిన పురుషులను మాత్రము ఈ నిషేధము విడిచిపెట్టెను. అది కొరతయే.

1875లో ఆయన మన దేశపు మిల్లు కూలీల కొరకు ప్రభువుల సభలో మాటలాడెను. బొంబాయి పోటీ సహింపలేని లాంకషైరు యజమానులును ఆ కోరికనే బలపరచిరి. వారి ఉద్దేశము వేరు. 1881లో మన మొదటి ఫ్యాక్టరీ చట్టము పుట్టెను. అది యంత్రములకు కంచె వేయించెను గాని, ఏడేండ్లు నిండిన బిడ్డను పనిలోనే ఉండనిచ్చెను.

ఆ వయస్సు 1891లో తొమ్మిదికి పెరిగెను. అప్పటికి షాఫ్ట్స్‌బరీ దొర లేడు. 1885 అక్టోబరు 1న ఫోక్‌స్టనులో ఆయన ప్రభువునందు నిద్రించెను.