ఊళ్లకు గుర్తులు గీసిన ఒట్టో హుప్

జర్మనీలో చిన్న పట్టణాలకు కూడా సొంత చిహ్నం ఉంటుంది. డాలు ఆకారం, దాని మీద ఒక జంతువో, కోటో, చక్రమో. ఊరి జెండాకు రంగులు సాధారణంగా ఆ డాలు నుంచే వస్తాయి. రాష్ట్ర చిహ్నం తప్ప ఊరి చిహ్నం ఎరుగని మనకు ఇది వింతే. ఇటువంటి చిహ్నాలను వేల సంఖ్యలో గీసిన ఒట్టో హుప్ గారిని మన హాస్టల్ మిత్రులకు పరిచయం చేస్తున్నాము.

హుప్ 1859 మే 21న డ్యూసెల్‌డార్ఫ్‌లో జన్మించారు. తండ్రి లోహం మీద బొమ్మలు, అక్షరాలు చెక్కే పనివారు. కొడుకు మొదట ఆ పనే నేర్చుకున్నారు. 1878లో మ్యూనిక్ చేరి అక్కడే స్థిరపడ్డారు. 1884లో స్పాటెన్ బీరు కంపెనీకి ఆయన గీసిన పార గుర్తు నేటికీ ఆ సీసాల మీద ఉంది. (బీరు సంగతి వార్డెన్ గారు మన్నించాలి!)

1885 నుంచి మ్యూనిక్ క్యాలెండర్‌కు ఏటా బొమ్మలు వేశారు. 1895 నుంచి అందులో జమీందారీ వంశాల చిహ్నాలు వచ్చేవి. డాలు, చిహ్నం అంటే దొరలవే అని లోకం అనుకునే రోజులవి. హుప్ మాత్రం అదే కాలంలో నగరాలు, సంత ఊళ్లు, పల్లెల చిహ్నాలతో ఒక పెద్ద గ్రంథం మొదలుపెట్టారు. పల్లెలను కూడా కలపడం మాకు అన్నింటికంటే నచ్చిన విషయం.

ఈ పని కూర్చుని ఊహించి గీసేది కాదు. పాత పత్రాలకు అంటించిన మైనపు ముద్రలు వెతకాలి. వందల ఏళ్లలో చేతులు మారి బొమ్మ పాడైపోతుంది. ముద్రలో రంగు తెలియదు. బంగారు, వెండి వన్నెల మీద రంగు, రంగు మీద బంగారు లేదా వెండి వన్నె రావాలనేది నియమం. దూరం నుంచి కనిపించాలి కదా! కొన్ని ఊళ్లకు పేరే బొమ్మ అయింది. ఓక్సెన్‌ఫుర్ట్ అంటే ఎద్దు దాటే రేవు, చిహ్నంలో ఎద్దు ఉంది. ఎబెర్‌బాఖ్ చిహ్నంలో అడవిపంది. కానీ ష్వైన్‌ఫుర్ట్ పేరులో పంది ఉన్నా చిహ్నంలో గద్ద ఉంది. అది చక్రవర్తికి నేరుగా లోబడిన నగరం, గద్ద చక్రవర్తి గుర్తు. పేరు చూసి గీస్తే తప్పే.

గ్రంథం దేశమంతటికీ పూర్తి కాలేదు. ఆ బొమ్మలను జనంలోకి తీసుకెళ్లింది కాఫీ హాగ్ అనే కంపెనీ. కాఫీతో పాటు ఊరి చిహ్నాల చిన్న బొమ్మలు ఇచ్చేవారు, వాటిని ఆల్బమ్‌లో అంటించుకునేవారు. మనం బబుల్‌గమ్ కొని క్రికెటర్ల బొమ్మలు దాచుకున్నట్టే. తన ఊరి బొమ్మ ఆల్బమ్‌లో దొరికిన పిల్లవాడి సంబరం మేము ఊహించగలం.

1918లో రాజరికం పోయింది. కొత్త బవేరియా రాష్ట్రానికి 1923లో చిహ్నం గీసింది కూడా హుప్ గారే. 1950లో వచ్చిన ఇప్పటి బవేరియా చిహ్నానికి ఆధారం అదే.

ఆయన అన్నిటా గెలవలేదు. ఒక పాత ప్రార్థనా గ్రంథం గూటెన్‌బర్గ్ బైబిల్ కంటే ముందు అచ్చయిందని 1898లో వాదించారు. దశాబ్దాల పాటు పండితులు తగవులాడారు. 1960లలో కాగితంలోని నీటిగుర్తులు పరీక్షించి అది 1473 నాటిదని తేల్చారు. ముద్రలు చదవడంలో అంతటి దిట్ట కాగితం దగ్గర ఓడిపోయారు. ఆ తీర్పు వినడానికి ఆయన లేరు. 1949 జనవరి 31న, తొంభయ్యో ఏట, మ్యూనిక్ దగ్గరి ష్లైస్‌హైమ్‌లో కన్నుమూశారు.