విలియం కేరీ గారి ఇల్లు



బాప్టిస్టులమైన మనం విలియం కేరీ గారి బైబిలు అనువాదాలను తరచుగా తలచుకుంటాం. ఆయన ఇంటి సంగతి మాత్రం తక్కువగా చెప్పుకుంటాం.

ఇంగ్లండులో చెప్పులు కుట్టి, బడిపిల్లలకు పాఠాలు చెప్పిన కేరీ గారు 1793లో కుటుంబంతో బెంగాలు చేరారు. భార్య డొరతీ గారు మొదట రానన్నారు, బ్రతిమాలగా ఒప్పుకున్నారు. 1794లో వారి ఐదేళ్ల కుమారుడు పీటరు చనిపోయాడు. ఆ తరువాత తల్లి మనసు చెదిరిపోయింది, మళ్లీ కుదుటపడలేదు. పిచ్చాసుపత్రికి పంపమని కొందరు చెప్పినా, అక్కడ కఠినంగా చూస్తారని కేరీ గారు పంపలేదు. 1807లో ఆమె కన్నుమూసే వరకు ఇంట్లోనే ఉంచుకున్నారు.

1801 నుండి కలకత్తా ఫోర్టు విలియం కళాశాలలో ఉపాధ్యాయులుగా ఉండి, జీతంలో ఎక్కువ భాగం మిషనుకిచ్చారు. 1812లో శ్రీరాంపురం ముద్రణాలయం కాలి, ఆయన తెలుగు వ్యాకరణం బూడిదైంది. మళ్లీ రాసి 1814లో అచ్చు వేయించారు. స్వదేశం తిరిగి చూడకుండానే 1834 జూన్ 9న ప్రభువునందు నిద్రించారు.

ఆ పరిచర్య భారంలో డొరతీ గారు మోసినదీ ఉంది. ఊరు విడిచి వచ్చిన మన ఇళ్లలోనూ ఇష్టం లేకున్నా వెంట వచ్చినవారున్నారు. వారిని ఓపికతో చూసుకోవడమూ దేవుని సేవే.