జ్ఞానేశ్వరుడి కథలో వీడియోకి అందని భాగం

ఈ వారం వీడియోలో సంత్ జ్ఞానేశ్వరుడు గేదె చేత వేదం పలికించిన కథ చెప్పాం కదా. అసలు ఆ పిల్లవాడు పైఠణ్ దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చెప్పడానికి టైమ్ సరిపోలేదు. నాకైతే గేదె కంటే అదే పెద్ద సంగతి.

తండ్రి విఠల్‌పంత్ పెళ్లయ్యాక ఇల్లు వదిలి కాశీలో సన్యాసం తీసుకున్నారు. పెళ్లి సంగతి దాచారు. నిజం తెలిశాక గురువుగారే ఆయన్ని భార్య రుక్మిణి దగ్గరికి వెనక్కి పంపారు. ఆళందిలో కాపురం పెట్టారు. నలుగురు పిల్లలు: నివృత్తి, జ్ఞానదేవుడు, సోపానుడు, ముక్తాబాయి.

సన్యాసి మళ్లీ సంసారి కాకూడదన్నది రూల్. ఊరి పండితులు కుటుంబం మొత్తాన్ని వెలివేశారు. సరే, తప్పు తండ్రిదే అనుకుందాం. మగపిల్లలకు ఉపనయనం ఎందుకు ఆపినట్టు? వాళ్లు చేసిన తప్పు పుట్టడమేనా? ప్రాయశ్చిత్తం అడిగితే దేహత్యాగమే అన్నారట. పిల్లలైనా బాగుపడతారని ఆ దంపతులిద్దరూ నీళ్లలో ప్రాణాలు వదిలేశారని చెబుతారు. ఇది టైప్ చేసి కాసేపు ఆగిపోయాను.

నాకు కోపం వచ్చేది ఆ తర్వాత జరిగినదానికి. తాము చెప్పిన శిక్ష పూర్తయినా వెలి ఎత్తేయలేదు. పైఠణ్ పండితుల దగ్గర శుద్ధిపత్రం తెమ్మన్నారు. ఆఫీసులో క్లోజ్ అయిన టికెట్‌కి మళ్లీ అప్రూవల్ అడిగితేనే మనం గొడవ చేస్తాం. వీళ్లేమో అమ్మానాన్న లేని పిల్లలు. గోదావరి ఒడ్డున ఉన్న పైఠణ్‌కి బయల్దేరారు.

గేదె ఘట్టం అక్కడిదే. శుద్ధిపత్రం దొరికింది, కానీ పెళ్లిళ్లు చేసుకోకూడదన్న షరతు మీదనట.

తర్వాత నేవాసాలో, 1290లో, గీతకు మరాఠీలో వ్యాఖ్యానం చెప్పారు. సుమారు 9000 ఓవీలు. అప్పటికి ఆయనకు పదిహేనేళ్లు! సంస్కృతం రాని రైతు కూడా కూర్చుని వినగలిగే భాషలో చెప్పారు. చివర్లో దేవుణ్ణి ఏం అడిగారో తెలుసా? వెలివేసినవాళ్లకు శిక్ష కాదు. దుష్టుల్లో దుష్టత్వం పోవాలని, ప్రాణులన్నీ స్నేహంగా ఉండాలని అడిగారు.

1296లో, 21 ఏళ్లకే, ఆళందిలోనే సంజీవన సమాధి పొందారు. పుణేలో జాబ్ చేసేటప్పుడు ఒక ఆదివారం వెళ్లాను. వాళ్లని వెలివేసిన ఊరు అదేనని అప్పటికి నాకు తెలీదు. క్యూలో అందరూ ఒకర్నొకరు మావులీ అని పిలుచుకుంటున్నారు. అంటే అమ్మ అని, అది జ్ఞానేశ్వరుడి పేరేనని నా వెనకున్న పెద్దాయన చెప్పారు.