ఉత్తరాలతో చదువుకొన్న బాలుడు

పేరుగన్నవారి చేవ్రాళ్లను కూడబెట్టడం పడమటి దేశాలలో చిరకాలంగా ఉన్న వేడుక. అమెరికాలో ఫుట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు అచ్చొత్తిన చిన్న అట్టలు దుకాణాలలో దొరుకుతాయి. బాలురు వాటిని కొని, తిరుగుటపాకు బిళ్ల అంటించిన కవరు జతపరచి, సంతకం చేసి పంపవలసిందని కోరుతూ ఆ ఆటగాళ్లకే పంపుతారు. సంతకంతో అట్ట తిరిగి వచ్చిననాడు వారి సంతోషానికి మేర ఉండదు. రానినాడు మరునాటి టపాకై ఎదురు చూస్తారు. టపాలో చేవ్రాలు తెప్పించుకోవడం, బొమ్మల అట్టలు పోగుచేయడం అనే ఈ రెండు సరదాలూ పందొమ్మిదవ శతాబ్దంలో ఒక పేదబాలుని జీవితంలో కలిశాయి. ఇతరులకు కాలక్షేపమైనది అతనికి చదువైంది. ఆ చదువే అతనిని తన కాలపు పత్రికా సంపాదకులలో అగ్రగణ్యునిగా నిలిపింది. అతడే ఎడ్వర్డ్ బాక్.

ఎడ్వర్డ్ 1863 అక్టోబరు 9వ తేదీన హాలెండులోని డెన్ హెల్డర్ అనే రేవుపట్టణంలో జన్మించాడు. పుట్టినది కలిగిన ఇంట. కాని తండ్రి ఆస్తి పోగొట్టుకొన్నాడు. అయినవారి మధ్య లేమితో బ్రతకలేక, భార్యనూ ఇద్దరు కుమారులనూ వెంటబెట్టుకొని 1870లో ఆయన అమెరికా చేరి, బ్రూక్లిన్‌లో కాపురం పెట్టాడు. ఎడ్వర్డ్‌కు అప్పటికి ఏడేళ్లు నిండలేదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. బడిలో తోటిపిల్లలు అతని మాటతీరును చూసి నవ్వేవారు. దాసదాసీజనంతో సుఖంగా బ్రతికిన తల్లికి ఇంటిపని కొత్త. అందుచేత అన్నదమ్ములిద్దరూ తెల్లవారుజామున లేచి పొయ్యి రాజేసేవారు. సాయంకాలం ఖాళీస్థలాలలో తిరిగి పుల్లలూ బొగ్గులూ ఏరుకొని వచ్చేవారు. ఒక రొట్టెల దుకాణం అద్దాలు తుడిచినందుకు ఎడ్వర్డ్‌కు వారానికి 50 సెంట్లు ముట్టేవి. అదే అతని తొలి సంపాదన.

బడిలో జరిగిన ఒక సంఘటనను ఇక్కడ చెప్పుకోవాలి. ఆనాడు పాఠశాలలలో స్పెన్సర్ పద్ధతి దస్తూరి నేర్పేవారు. అక్షరాలకు వంకరలు, తోకలు, ఒకచోట సన్నగానూ వేరొకచోట లావుగానూ గీతలు దిద్దడం ఆ పద్ధతి లక్షణం. ఈ సింగారం వలన వ్రాతకు ప్రయోజనమేమిటో ఎడ్వర్డ్‌కు బోధపడలేదు. స్పష్టంగా వ్రాస్తే చాలునని అతడు కాపీ దిద్దడానికి నిరాకరించాడు. ఉపాధ్యాయుడు అరచేయి వాచేదాకా కొట్టాడు. వాచిన చేతితో ఎట్లాగూ వ్రాయలేడు గదా! వ్యవహారం ప్రధానోపాధ్యాయుని వద్దకూ తండ్రి వద్దకూ వెళ్లింది. చివరకు బాలుని పట్టుదలే నెగ్గింది. కారణం తెలియనిదే దేనినీ అంగీకరించని ఆ స్వభావమే తరువాత అతని చేత ఉత్తరాలు వ్రాయించింది.

ఆ చదువు ఎక్కువకాలం సాగలేదు. తండ్రి వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫ్ కంపెనీలో విదేశీ తంతివార్తల అనువాదకుడు. ఇంటి ఇబ్బంది చూడలేక ఎడ్వర్డ్ 1876లో, 13వ యేట, బడి మాని అదే కంపెనీలో వారానికి ఆరుంబావు డాలర్ల జీతంపై ఆఫీసు బంట్రోతుగా చేరాడు. బడి మానినంత మాత్రాన చదువు మానడం అతనికి ఇష్టం లేదు. మధ్యాహ్నభోజనం మానుకొని, ట్రాముబండి ఎక్కక నడిచి, మిగిల్చిన డబ్బుతో ఒక విజ్ఞానసర్వస్వం కొన్నాడు. అందులో ముందుగా అతనిని ఆకర్షించినవి గొప్పవారి జీవితకథలు. ఎందరో పేదరికంలో పుట్టి పైకి వచ్చినవారే. చదివినకొద్దీ ఆశతోపాటు ఒక సందేహం కూడ పుట్టింది. ఈ వ్రాసినదంతా నిజమేనా?

నిజమో కాదో తేల్చుకోవడానికి దగ్గరి దారి ఆ మనిషినే అడగడం. జనరల్ గార్ఫీల్డు చిన్ననాడు కాలువగట్టున పడవలు లాగించే కుర్రవాడుగా పనిచేశాడని గ్రంథంలో ఉంది. అది నిజమేనా అని అడుగుతూ, ఎందుకు అడుగుతున్నాడో కూడ వివరిస్తూ ఎడ్వర్డ్ ఆయనకు ఉత్తరం వ్రాశాడు. గార్ఫీల్డు ఆదరంతో సవిస్తరంగా జవాబు వ్రాశాడు. తరువాత అమెరికా అధ్యక్షుడై, 1881లో హంతకుని గుండు దెబ్బకు ప్రాణాలు విడిచిన గార్ఫీల్డు ఈయనే. ఆ ఉత్తరం ఎంత విలువైనదో తండ్రి చెప్పేదాకా బాలునికి తెలియదు. అతనికి కావలసినది సంతకం కాదు, సమాధానం. సంతకం దానితోపాటు వచ్చింది, అంతే.

చేవ్రాలు పంపమని పెద్దలకు వ్రాసేవారు ఆనాడు వేలకొద్ది ఉండేవారు. అట్టి ఉత్తరాలు చాలావరకు చెత్తబుట్టకే చేరేవి. ఎడ్వర్డ్ ఉత్తరాలకు మాత్రం జవాబులు వచ్చాయి. వ్రాయబోయే ముందు అతడు ఆ మహనీయుని చరిత్ర చదివేవాడు. పుస్తకంలో తెగని విషయం ఏదో కనిపెట్టి, ఆయన ఒక్కడే చెప్పగల సంగతి ఒకటి అడిగేవాడు. లీ సేనాని సరిగా ఏ చోట లొంగిపోయాడని అడిగితే గ్రాంటు సేనాని పటం గీసి ఆ చోటు గుర్తుపెట్టి పంపాడు. అంతర్యుద్ధంలో ఛేంబర్స్‌బర్గ్ పట్టణాన్ని ఎందుకు తగులబెట్టించాడో దక్షిణ సేనాని జూబల్ ఎర్లీ వివరించాడు. లాంగ్‌ఫెలో, విట్టియర్ కవులు తమ గేతాలు పుట్టిన తీరు తెలిపారు. టెనిసన్ తన గేయంలోని పాదాలు స్వదస్తూరితో వ్రాసి పంపుతానన్నాడు గాని ఒక షరతు పెట్టాడు. ఆ రోజులలో పిల్లలు ప్రతిమాటకూ వాడే ఒక ఇంగ్లీషు విశేషణాన్ని బాలుడు ఇకమీదట వాడరాదట! బడి ఇవ్వలేకపోయిన చరిత్రపాఠాలూ, సాహిత్యపాఠాలూ, భాషాపాఠాలు కూడ ఈవిధంగా టపాలో ఇంటికి వచ్చాయి.

ఉత్తరాలతో కలిగిన పరిచయం దర్శనానికి దారితీసింది. 1881లో సెలవు దొరికినప్పుడు ఎడ్వర్డ్ బోస్టన్ నగరానికి ప్రయాణమై హోమ్స్‌ను, లాంగ్‌ఫెలోను, ఇతర ప్రముఖులను దర్శించాడు. కాంకర్డ్ గ్రామంలో లూయిసా ఆల్కాట్ అతనిని ఎమర్సన్ ఇంటికి తీసుకొని వెళ్లింది. ఎమర్సన్‌కు అప్పటికి 78 ఏళ్లు. అమెరికాకు తత్త్వం నేర్పిన ఆ మేధ అస్తమిస్తున్నది. వచ్చినవారెవరో, వచ్చిన పని ఏమిటో ఆయనకు నిలకడగా గుర్తుండడం లేదు. చేవ్రాలు కోరిన అతిథిని, కావలసిన పేరేదో కాగితంపై వ్రాసి చూపమన్నాడు. ఎడ్వర్డ్ ఆయన పేరునే వ్రాసి ముందుంచాడు. ఆ వృద్ధుడు దానిని చూస్తూ, అక్షరం తరువాత అక్షరం, పలక దిద్దే బాలునివలె నకలు చేశాడు. ఒకనాడు కాపీ దిద్దనని దెబ్బలు తిన్నవాడు వ్రాసి ఇచ్చిన కాపీని ఆనాడు ఎమర్సన్ దిద్దాడు. మనిషి మనసు వెనుక లేనప్పుడు సంతకం వట్టి గీతల కూడిక అని ఎడ్వర్డ్‌కు తెలియజెప్పిన పాఠం అది. మరి కొద్ది నెలలకు, 1882 ఏప్రిల్‌లో, ఎమర్సన్ కన్నుమూశాడు.

ఇక బొమ్మల అట్టల సంగతి. ఆ రోజులలో సిగరెట్టు పెట్టెలలో నటీనటుల బొమ్మలు పెట్టి అమ్మేవారు. వరుస పూర్తిచేసి ఆల్బములో అతికించుకోవాలనే ఆశతో జనం మళ్లీ మళ్లీ అదే రకం కొనేవారు. ఒకరు పారవేసిన అట్టను ఎడ్వర్డ్ తీసి చూశాడు. ముందువైపు అందమైన బొమ్మ; వెనుకవైపు ఏమీ లేదు. ఆ బొమ్మలోని వ్యక్తి ఎవరో, ఏమి సాధించారో నాలుగు మాటలు వెనుక అచ్చువేస్తే పారవేసే అట్ట దాచుకొనే అట్ట కాదా అని అతనికి తోచింది. వాటిని అచ్చొత్తే నాప్ కంపెనీకి వెళ్లి ఆ మాటే చెప్పాడు. జోసెఫ్ నాప్ అక్కడికక్కడే ఒప్పుకొని, నూరుగురు ప్రసిద్ధ అమెరికనుల జీవితాలు, ఒక్కొక్కటి నూరు మాటలలో, వ్రాసి ఇమ్మన్నాడు. ప్రతిఫలం ఒక్కొక్కదానికి 10 డాలర్లు. ఆ నూరు కాగానే మరొక నూరు కావలసివచ్చాయి. ఒక్కచేతితో సాగక ఎడ్వర్డ్ సోదరునికి, ఆపై కొందరు పత్రికారచయితలకు సగం ప్రతిఫలమిచ్చి వ్రాయించి తాను దిద్దసాగాడు. సంపాదకత్వానికి అతని ఓనమాలు ఇవే. ఆట బొమ్మల అట్టలు కూడ ఆ సిగరెట్టు పెట్టెల, పొగాకు పొట్లాల సంతతివే. 1894లో మేయో పొగాకు కంపెనీ హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్ కళాశాలల ఫుట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు వెలువరించింది.

యౌవనారంభంలోనే తండ్రి పోగా సంసారభారం ఎడ్వర్డ్‌పై పడింది. అతడు పొట్టివ్రాత నేర్చి, హెన్రీ హోల్ట్, స్క్రిబ్నర్ ప్రచురణసంస్థలలో పనిచేశాడు. మిత్రులతో కలిసి నడిపిన చిన్నపత్రికకు దేశంలోని పెద్దలు వ్యాసాలు పంపారంటే, వారంతా ఉత్తరాల నాటి ఎడ్వర్డ్‌ను మరువనివారే. 1889లో, 26 ఏళ్ల ప్రాయంలో, ఫిలడెల్ఫియా నగరంలోని లేడీస్ హోమ్ జర్నల్ పత్రికకు బాక్ సంపాదకుడయ్యాడు. 30 ఏళ్లు ఆ స్థానంలో ఉన్నాడు. 1903లో ఆ పత్రిక చందాదారులు 10 లక్షలు దాటారు.

సంపాదకునిగా బాక్ చేసిన మొదటి పనులలో ఒకటి పాఠకుల ఉత్తరాలకు తలుపులు తెరవడం. తల్లులు, యువతులు తమ సందేహాలు వ్రాస్తే, తెలిసినవారిచేత సమగ్రంగా టపాలో జవాబు వ్రాయించే ఏర్పాటు చేశాడు. గార్ఫీల్డు తనకు చేసిన మేలును ఈ రీతిగా వేలమందికి పంచిపెట్టాడు. నమ్మి వ్రాసినవారిని మోసగించడం ఆయన దృష్టిలో క్షమింపరాని తప్పు. 1892లోనే పేటెంటు మందుల ప్రకటనలను పత్రికలో నిషేధించి, గొప్ప ఆదాయాన్ని వదులుకొన్నాడు. స్త్రీలు తమ వ్యాధులను గూర్చి లిడియా పింకమ్ అనే ఆమెకు వ్రాసి సలహా పొందవలసిందని ఒక మందు కంపెనీ ప్రకటిస్తుండేది. ఆమె 1883లోనే మరణించింది. 1905లో బాక్ ఆమె సమాధి ఫలకం ఛాయాచిత్రాన్ని ఆ ప్రకటన సరసన అచ్చువేశాడు. వేరు వ్యాఖ్య అవసరం లేకపోయింది. పేరు వెనుక మనిషి లేడని దేశమంతా చూసింది. ఈ పోరాటంలో తోడ్పడినవారు మరికొందరున్నారు. 1906లో ఆహారౌషధాల శుద్ధిని గూర్చిన శాసనం వెలువడింది.

1919లో బాక్ విరమించాడు. 1920లో ఆత్మకథ వెలువరించాడు. తన కథనే పరాయివాని కథవలె ప్రథమపురుషలో చెప్పడం ఆ గ్రంథంలోని విశేషం. 1921లో దానికి పులిట్జర్ బహుమానం లభించింది. హాలెండులో ఆయన తాతగారు ఒక బోడి ద్వీపంలో చెట్లు నాటించి పక్షులకు నెలవు కల్పించాడని ఆయన చెప్పుకొనేవాడు. ఉన్నచోటును కొంచెం మేలుగా, అందంగా చేసి పొమ్మని నాయనమ్మ బిడ్డలకు చెప్పేదట. ఆ మాట నిలుపుకొనడానికి ఫ్లారిడాలోని లేక్ వేల్స్ వద్ద ఒక వనమూ, 205 అడుగుల ఘంటాగోపురమూ నిర్మించి ప్రజలకు ఇచ్చాడు. 1929 ఫిబ్రవరి 1వ తేదీన అధ్యక్షుడు కూలిడ్జ్ దానిని ప్రారంభించాడు. ఏడాది తిరగకముందే, 1930 జనవరి 9వ తేదీన, బాక్ మరణించాడు. ఆ గోపురం పాదంలోనే ఆయన సమాధి ఉన్నది.

సేకరించే అలవాటు పిల్లలకు సహజం. తపాలాబిళ్లలో, ఆటగాళ్ల బొమ్మలో, సంతకాలో ఏవో ఒకటి పోగుచేయని బాలుడు అరుదు. పెద్దలు దానిని వృథాకాలక్షేపమని కసరుకొంటారు. అది వృథా కావడమూ కాకపోవడమూ ఆ వస్తువులో లేదు. అట్టను త్రిప్పి వెనుక ఏమున్నదని చూసే బుద్ధిలో ఉన్నది. పన్నెండేళ్లకే బడి విడిచిన బంట్రోతు కుర్రవానికి ఆ బుద్ధి ఉన్నది. సంతకం కోరేవాడు మూడు మాటలు వ్రాస్తే చాలు. ప్రశ్న వేసేవాడు ముందు చదవాలి. ఎడ్వర్డ్ బాక్ చదివి అడిగాడు. అందుచేత ఎందరో మహనీయులు, అతనిని ఎన్నడూ చూడకుండానే, అతనికి గురువులైనారు.