జెఫర్సన్ సమాధిశాసనము

మానవుడు మరణించిన పిమ్మట ఆతని చరిత్రను ఇతరులు వ్రాయుట లోకాచారము. తన సమాధిపై ఏమి వ్రాయవలెనో తానే నిర్ణయించి పోయినవారు అరుదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల మూడవ అధ్యక్షుడగు థామస్ జెఫర్సన్ అట్టివారిలో నొకడు.

జెఫర్సన్ 1743వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన వర్జీనియాలోని షాడ్వెల్ అనుచోట జన్మించెను. తండ్రి పీటర్ భూములను కొలుచు సర్వేయరు. కుమారునకు పదునాలుగేండ్ల వయస్సున ఆయన మరణించెను. జెఫర్సన్ విలియమ్స్‌బర్గు కళాశాలలో చదివి, జార్జి విత్ అను న్యాయవాదికడ న్యాయశాస్త్రము నభ్యసించెను.

ఆ కాలమున అమెరికా ఆంగ్లేయుల యేలుబడిలో నుండెను. 1776లో అచ్చటి ప్రజలు స్వాతంత్ర్యమును ప్రకటింప నిశ్చయించిరి. ఆ ప్రకటనను రచించు భారము ముప్పదిమూడేండ్ల జెఫర్సన్‌పై పడెను. మానవులందరు సమానులను సిద్ధాంతమును ఆతడు దానికి మూలముగా నిలిపెను. జూలై 4వ తేదీన ప్రతినిధుల సభ దాని నామోదించెను. మరుసటి యేట ఆతడు వర్జీనియాలో మతస్వాతంత్ర్యమునకై ఒక చట్టమును వ్రాసెను. చిరకాలము ప్రతిఘటన నెదుర్కొని, తుదకు జేమ్స్ మాడిసన్ కృషిచే 1786లో అది శాసనమయ్యెను.

పిమ్మట జెఫర్సన్ ఫ్రాన్సుదేశమున రాయబారిగా, విదేశాంగ కార్యదర్శిగా, ఉపాధ్యక్షుడుగా పనిచేసెను. 1801 మొదలు 1809 వరకు అధ్యక్షుడుగా నుండెను. 1803లో ఒకటిన్నర కోటి డాలర్లకు లూసియానా ప్రాంతమును ఫ్రాన్సునుండి కొనగా, దేశ విస్తీర్ణము దాదాపు రెట్టింపయ్యెను. పదవీవిరమణానంతరము ఆతడు వర్జీనియా విశ్వవిద్యాలయమును స్థాపించి, దాని భవనములకు తానే నమూనాలు గీసెను. 1825లో అచ్చట తరగతులు ప్రారంభమయ్యెను.

వార్ధక్యమున ఆతడొక కాగితముపై తన సమాధిస్తంభమును చిత్రించి, దానిపై చెక్కవలసిన మాటలను వ్రాసి పెట్టెను. రాతికి ఆశపడి ఎవరును దానిని పడగొట్టకుండుటకై ముతకరాతినే వాడవలెనని కోరెను. అందు మూడు పనులే కలవు: స్వాతంత్ర్య ప్రకటన రచన, మతస్వాతంత్ర్య చట్టరచన, విశ్వవిద్యాలయ స్థాపన. అంతకుమించి యొక్క మాటయు చేర్చరాదని శాసించెను. అధ్యక్షపదవి ప్రసక్తియే అందు లేదు. పదవులు ప్రజలు తనకిచ్చినవి, ఈ మూడును తాను ప్రజలకిచ్చినవి యని పెద్దలు దీనికి భాష్యము చెప్పుదురు.

స్వాతంత్ర్య ప్రకటనకు సరిగా ఏబదియేండ్లు నిండిన దినమున, 1826 జూలై 4వ తేదీన, జెఫర్సన్ కన్నుమూసెను. ఆతని కోరిక ప్రకారమే స్తంభముపై ఆ మాటలు చెక్కబడెను.

అయినను ఆ శిల చెప్పని విషయమొకటి కలదు. మానవులందరు సమానులని వ్రాసిన ఆ చేతిక్రిందనే, ఆతని జీవితకాలమున ఆరువందలకు పైగా బానిసలు పాటుపడిరి. బానిసత్వము అధర్మమని ఆతడెరుగును. విదేశములనుండి బానిసలను తెచ్చుటను నిషేధించు చట్టముపై 1807లో సంతకము చేసినవాడును ఆతడే. కాని తన బానిసలలో కొలదిమందినే విడిచిపెట్టెను. ఆతడు లక్ష డాలర్లకు మించిన అప్పు మిగిల్చి పోగా, 1827 జనవరిలో సుమారు 130 మంది బానిసలను వేలమునకు పెట్టిరి. కమ్మరియగు జోసెఫ్ ఫాసెట్టునకు జెఫర్సన్ వీలునామా విముక్తి నొసగెను. ఆతని భార్యాబిడ్డలు మాత్రము ఆ వేలమున అమ్ముడుపోయిరి.

తన్నుగూర్చి తాను వ్రాసికొను మాటలలో మనుజుని యాశయము కనబడును. వానిలో చేరని మాటలను చరిత్ర పూరించును. విద్యార్థులు లోకము తమ్మెట్లు స్మరింపవలెనో మూడు వాక్యములలో వ్రాసి చూచుకొనుట మంచి యభ్యాసము. వ్రాసిన పిమ్మట, వదలివేసిన నాలుగవ వాక్యమేదియో యోచించుట అంతకంటె మేలు. దానిని దిద్దుకొనుటకు జెఫర్సన్‌కు ఇక నవకాశము లేదు, బాలురకు కలదు.