గణిత విదుషి ఏడా లవ్‌లేస్

ఆంగ్ల మహాకవి బైరన్ ప్రభువునకు ధర్మపత్నియందు కలిగిన యేకైక సంతానము ఏడా. 1815 డిసెంబరు 10వ తేదీన లండనులో జన్మించెను. నెల దాటినదో లేదో, తల్లి ఆ పసికందుతో పతిగృహమును వీడెను. బైరన్ 1816లోనే దేశమును విడిచి, 1824లో గ్రీసున మరణించెను. కూతురు తండ్రి ముఖమెరుగదు. ఆతని చాపల్యము బిడ్డకు సంక్రమించునని భయపడిన తల్లి, కవిత్వపు గాలి సోకనీక గణితమును ఔషధమువలె సేవింపజేసెను.

1833లో, పదునేడవ యేట, చార్లెస్ బాబేజ్ నిర్మించుచున్న గణనయంత్ర భాగమును చూచి ఏడా ముగ్ధురాలయ్యెను. 1835లో వివాహమయ్యెను, ముగ్గురు బిడ్డలు కలిగిరి. చదువు మాత్రము మానలేదు. 1840 నుండి ఆమెకు గణితము చెప్పిన డి మోర్గన్ మన దక్షిణదేశమందలి మధురలో పుట్టినవాడగుట ముచ్చటైన సంగతి.

బాబేజ్ తలపెట్టిన మరియొక యంత్రమును గూర్చి 1842లో ఫ్రెంచిలో వెలువడిన మెనాబ్రియా వ్యాసమును ఆమె ఆంగ్లీకరించి, మూలమునకు ఇంచుమించు మూడింతల వ్యాఖ్యతో 1843లో ప్రకటించెను. మూలమును మించు వ్యాఖ్యలు మన పండితులకు క్రొత్త గావు. కడపటి వ్యాఖ్యలో బెర్నూలీ సంఖ్యలను గణించు పట్టిక కలదు. అందు 25 మెట్లు. ఒక్కొక్క మెట్టున చేయవలసిన క్రియ యేది, ఏ రాశులపై చేయవలెను, ఫలితము నెచట నిలుపవలెను, ఏ విలువ మారును అని వరుసగా వ్రాసెను. 13 మొదలు 23 వరకు గల మెట్లను మరల మరల నడుపవలెనని సూచించెను.

నేడు కంప్యూటరు భాషను ముట్టకమునుపే వరుస, షరతు, పునరావృత్తి అను మూడింటితో సూడోకోడ్ వ్రాయుడని అధ్యాపకులు బోధింతురు. వృథాశ్రమయని విద్యార్థులు సణుగుదురు. ఏడాకు ముట్టుటకు యంత్రమే లేదు! నాలుగవ మెట్టున భాజ్యభాజకములు తారుమారైనవి. యంత్రము నడచియున్నచో ఆ దోషము తొలినాడే బయటపడెడిది.

ఈ కీర్తి బాబేజ్‌దే అనువారు కలరు. బీజగణితమును తాను సమకూర్చితిననియు, అందు తాను చేసిన పెద్ద పొరపాటును ఆమెయే పట్టెననియు బాబేజ్ 1864లో స్వీయచరిత్రమున వ్రాసియుండెను. తప్పు పట్టగలిగినది అర్థము కాక పట్టలేదు గదా! పైగా, ఆ యంత్రము అంకెలనే గాక సంగీతమును సైతము కూర్పగలదని ఊహించినది ఆమెయే. తండ్రి పోలిక ఎక్కడికి పోవును?

ఆ యంత్రము పూర్తి కాలేదు. అమెరికా రక్షణశాఖ 1980లో ఏడా పేర నెలకొల్పిన కంప్యూటరు భాషాప్రమాణమునకు ఆమె జన్మసంవత్సరమైన 1815నే సంఖ్యగా నిచ్చిరి.

తుదినాళ్లలో గుఱ్ఱపుపందెముల అప్పులు, పుట్టకురుపు ఆమెను క్రుంగదీసెను. 1852 నవంబరు 27న, తండ్రి గతించిన 36వ యేటనే, కన్నుమూసెను. ఆమె కోరిక మేరకు హక్‌నాల్ దేవాలయమున ఆ తండ్రి సరసనే ఖననము చేసిరి.