నల్లవాడన్నా నొచ్చుకోని స్వామి

1888 ప్రాంతంలో ఒక యువసన్యాసి కాలినడకన బృందావనానికి వెళుతున్నారు. దారి పక్కన ఒకడు చిలుం పీలుస్తుంటే తనకూ ఇమ్మని అడిగారు. తాను పాకీపని చేసే కులంవాడినంటూ ఆ మనిషి వెనుదీశాడు. సన్యాసి మారుమాటాడక సాగిపోయారు. కొంతదూరం నడిచాక, కులగోత్రాలు విడిచి కాషాయం కట్టిన తనకు ఈ సంకోచమేమిటని మనసు నిలదీసింది. వెంటనే వెనుదిరిగి, అతని చేతనే చిలుం నింపించుకుని పీల్చారు. ఆ సన్యాసే స్వామి వివేకానంద.

1863 జనవరి 12న కలకత్తాలో జన్మించిన నరేంద్రుడు శ్రీరామకృష్ణుల శిష్యుడై, 1886లో గురుదేవుల మహాసమాధి అనంతరం దేశమంతా సంచరించారు. 1892లో మలబారులో కొన్ని కులాలవారిని బాటపై నడవనీయని ఆచారం విని మండిపడ్డారు. 1893 ఫిబ్రవరి 13న మన సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్యయాత్ర లక్ష్యాన్ని వివరించారు. ఆ సెప్టెంబరు 11న చికాగో సర్వమత మహాసభలో చేసిన ప్రసంగం ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఆ తరువాతి కథే అంతగా ప్రచారంలో లేదు.

అమెరికాలో 1865లోనే బానిసత్వం రద్దయింది గాని వర్ణద్వేషం పోలేదు. మేనిఛాయ చూసి స్వామిని నల్లజాతీయునిగా తలచి, దక్షిణాది పట్టణాల్లో హోటళ్లవారు గది లేదన్నారు, క్షౌరశాలలవారు పొమ్మన్నారు. 1894 అక్టోబరులో బాల్టిమోరులో ఆయన సభ ఏర్పాటు చేసిన వ్రూమన్ సోదరులు తెల్లవారే. అయినా వారి అతిథికి హోటళ్లు ఒకదాని వెంట ఒకటి తలుపులు మూశాయి. చివరకు రెన్నెర్ట్ హోటలులో బస దొరికింది. తాను నల్లజాతివాడిని కానని, తూర్పుదేశపు సన్యాసినని ఒక్క మాట అంటే చాలాచోట్ల తలుపులు తెరుచుకునేవేమో! స్వామి ఆ మాట అననే లేదు. ఎందుకని ఒక పాశ్చాత్య శిష్యుడు తరువాత అడిగితే, ఇంకొకరిని కిందికి నెట్టి తాను పైకి రావడమా అని విస్తుపోయారట.

ఒక రైల్వేస్టేషనులో ప్రముఖులు స్వామికి స్వాగతం పలుకుతుండగా ఒక నల్లజాతి కూలీ దగ్గరకు వచ్చాడు. తమ జాతివాడొకడు ఇంత గొప్పవాడైనందుకు పొంగిపోయి, చేయి కలపాలని కోరాడు. స్వామి అతని పొరపాటును సరిదిద్దలేదు. సోదరునిగా పిలిచి, కృతజ్ఞత చెప్పి, చేయి అందుకున్నారు.

1896లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానమే రైళ్లలో నల్లవారికి వేరు పెట్టెలుండడం చట్టసమ్మతమని తీర్పు చెప్పింది. పాఠశాలల విషయంలో ఆ వాదాన్ని 1954లో అదే న్యాయస్థానం తోసిపుచ్చేనాటికి, స్వామి బేలూరు మఠంలో దేహం చాలించి అర్ధశతాబ్ది దాటింది.